ధర్మప్రమాణ విచారము - వితంతు వివాహ వాదము

నీతికి మూలము దైవాజ్ఞయా, మానవ సమాజమా అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ఇది తెలుగుదేశమున పండిత గోష్ఠులను దాటి గృహములలో ప్రవేశించిన సందర్భ మొకటి కలదు. కందుకూరి వీరేశలింగము పంతులు (1848-1919) రాజమహేంద్రవరమున 1879లో ఆరంభించిన వితంతు వివాహ వాదమే యది. బాల్యముననే భర్తను గోల్పోయిన స్త్రీల జీవితము లా వాదముపై నాధారపడి యుండెను.

మనుస్మృతి ధర్మమునకు శ్రుతి, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి యని నాలుగు ప్రమాణములను చెప్పుచున్నది. ఇందు శ్రుతి దైవాజ్ఞ యనుట సర్వసమ్మతము కాదు. మీమాంసకుల మతమున వేద మపౌరుషేయము. కుమారిలభట్టు సృష్టికర్తయగు నీశ్వరునే యంగీకరింపలేదు. సదాచారము శిష్టసమాజమునకు, ఆత్మతుష్టి వ్యక్తి యంతఃకరణమునకు సంబంధించినవి. కావున దైవమా, సమాజమా యను రెండు పక్షములలో మన పూర్వుల విచారము పూర్తిగా నిముడదు.

వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పరాశరస్మృతిని ప్రమాణముగా జూపి వితంతు వివాహమును సమర్థించెను. 1856లో 15వ చట్టము దానికి న్యాయసమ్మతి నొసగెను. భర్త మరణించుట మొదలగు నైదు ఆపదలలో స్త్రీకి మరియొక పతి విహితుడని పరాశరుని వచనము. కలియుగమునకు పరాశరోక్తమే ధర్మమనియు నా స్మృతియే చెప్పుచున్నది. అయినను పదునాల్గవ శతాబ్దమున మాధవాచార్యుడు తన వ్యాఖ్యయందు ఆ వివాహవిధి యుగాంతరమునకు సంబంధించిన దనెను. విధి యొక్కటియే, వ్యాఖ్యానమున ఫలము తలక్రిందులైనది. శాస్త్రమును దైవదత్తమని నమ్మినవారికి సైతము దాని యర్థమును నిర్ణయించుభారము మనుష్యునిపైననే యుండెనని దీనివలన దెలియుచున్నది.

అట్లని సమాజమే నీతికి మూలమని తేల్చుటయు సులభము కాదు. ధర్మ్యమైనను లోకవిద్విష్టమైనచో నాచరింపరాదని యాజ్ఞవల్క్యస్మృతి. ఈ సూత్రము ననుసరించినచో వితంతు వివాహమునకు తావే లేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిగినపుడు లోకవిద్వేషము ప్రత్యక్షమయ్యెను. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయ మొనర్చెను గాని, తోడ్పడినవారికి వెలి తప్పలేదు. కొందరు ప్రాయశ్చిత్తము చేసికొనిరి. సమాజసమ్మతియే నీతి యైనచో నాడు వెలివేసినవారే నీతిమంతులు, వెలియైనవారు దోషులు కావలసివచ్చును. నేడట్లు చెప్ప సాహసించువా రరుదు.

పంతులుగారు నిరీశ్వరవాది కారు, ఏకేశ్వరోపాసకులు. శాస్త్రప్రమాణములను జూపిరి గాని, వారిని పురికొల్పినది ఆ ప్రమాణములు కావు, బాలవితంతువుల దైన్యము. ముందు దుఃఖము కంటబడెను. పిదప వచనము వెదకబడెను. మనుస్మృతి కడపట జెప్పిన యాత్మతుష్టి యిచ్చట మొదటిస్థానము నాక్రమించినది.

ఈ చరిత్రవలన నొక్కయంశము నిశ్చయింపవచ్చును. శాస్త్రము నీతికి భాషను, సమాజము దానికి రంగమును సమకూర్చినవి. ఆ రెంటిని విమర్శించు శక్తి మాత్రము పరదుఃఖమును గుర్తించిన యంతఃకరణమునుండి వచ్చినది. ఆ యంతఃకరణ మీశ్వరదత్తమా, సంఘజీవనమున నేర్పడినదా యనునది తత్త్వవేత్తలు తేల్చవలసినది. ఏ పక్షమువారైనను శాస్త్రమును, సమాజమును గూడ నెదిరింపగలిగిన యీ శక్తికి కారణము చెప్పక తప్పదు.