శవాన్ని భుజానికెత్తుకున్నవాళ్ళు

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్ గదిలో, పక్కమంచం వాడి లాప్‌టాప్‌లో మొదటిసారి ‘నోస్ఫెరాటు’ చూశాను. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారీ మారీ వచ్చిన కాపీ. బొమ్మ నిండా గీతలు, సున్నం కొట్టినట్టున్న ముఖాలు, వెనక ఎవరో ఎప్పుడో అతికించిన పియానో. భయపడదామని లైట్లార్పుకుని మరీ కూర్చున్నాం నలుగురం. అరగంటకల్లా ఇద్దరు నిద్రపోయారు. మిగిలిన వాడు, అంటే లాప్‌టాప్ ఓనరు, కౌంట్ ఓర్లాక్ తన శవపేటికని తనే చంకన పెట్టుకుని ఊళ్ళో నడిచి వెళ్తుంటే పగలబడి నవ్వాడు.

“ఏంట్రా ఇది? ఎండ తగిలితే చస్తుందని నువ్వేగా చెప్పావ్! మిట్టమధ్యాహ్నం షికారు చేస్తోందేంటి మీ దయ్యం?”

నా దగ్గర జవాబు లేదు. గోడల మీద ఎండ నిజంగానే కనబడుతోంది మరి.

జవాబు దొరకడానికి ఆరేడేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో రాత్రి దృశ్యాల్ని చాలావరకు పగలే తీసి, తర్వాత ప్రింటుకి నీలం రంగు పట్టించేవాళ్ళు. నీలమంటే రాత్రి, పసుపంటే పగలు అని అప్పటి ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మేం చూసింది రంగులన్నీ పోయిన నలుపు తెలుపు నకలు. అందులో నీలంతో పాటు రాత్రి కూడా పోయింది. దయ్యం తప్పేం లేదు పాపం, కాపీ మీద కాపీ తీసిన చేతులది తప్పు. కానీ ఆ చేతులే లేకపోతే నవ్వుకోడానికైనా మాకా సినిమా మిగిలేది కాదు.

పాత వాంపైర్ సినిమాల మీద హారర్ అభిమానులకి ఎందుకింత ప్రేమ అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ సంగతే గుర్తొస్తుంది. వందేళ్ళ నాటి ఆ సినిమాలు ఇప్పుడు ఎవర్నీ నిద్రపోనివ్వకుండా చెయ్యవు. పైగా చాలామందిని నిద్రపుచ్చుతాయి. అయినా ఎవరో ఒకరు వాటిని వదలరు. భయమే కారణమైతే ఈపాటికి ఎప్పుడో వదిలెయ్యాలి కదా.

ఐర్లండ్‌వాడైన బ్రామ్ స్టోకర్ లండన్‌లో లైసియం థియేటర్ వ్యవహారాలు చూసుకుంటూనే ‘డ్రాకులా’ నవల రాశాడు. 1897లో అచ్చయింది. 1912లో ఆయన పోయాడు. భార్య ఫ్లోరెన్స్‌కి మిగిలిన ఆస్తి అంటూ చెప్పుకోదగ్గది ఆ పుస్తకమే.

పదేళ్ళ తర్వాత బెర్లిన్‌లో ఒక కొత్త కంపెనీ ఆమెని మాటమాత్రం అడక్కుండా ఆ నవలని సినిమా తీసింది. దాని పేరు ప్రానా ఫిల్మ్. ప్రానా అంటే మన ‘ప్రాణ’మే, సంస్కృతం నుంచి తీసుకున్న మాట. కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడైన ఆల్బిన్ గ్రావ్‌కి తాంత్రిక విద్యల పిచ్చి ఉండేది. హెన్రిక్ గలీన్ స్క్రీన్‌ప్లే రాశాడు, ఎఫ్. డబ్ల్యూ. ముర్నౌ దర్శకుడు, మాక్స్ ష్రెక్ రక్తపిశాచి. డ్రాకులాని ఓర్లాక్ చేశారు, లండన్‌ని విస్‌బోర్గ్ అనే జర్మన్ ఊరు చేశారు. ఇంతా చేసి, టైటిల్స్‌లో మాత్రం స్టోకర్ నవల ఆధారమని వాళ్ళే వేసుకున్నారు! దొంగతనం చేసి రసీదు రాసిచ్చినట్టు.

1922 మార్చి 4న బెర్లిన్ జూ ఆవరణలోని హాల్లో మొదటి ప్రదర్శన ఘనంగా జరిగింది. కొన్నాళ్ళకి లండన్‌లో ఉన్న ఫ్లోరెన్స్‌కి బెర్లిన్ నుంచి ఓ కవరొచ్చింది. పంపిందెవరో లేదు. లోపల ఆ సినిమా ప్రచార కాగితం. ఆమె రచయితల సంఘంలో చేరి, దాని సాయంతో కేసు వేసింది. అప్పటికే కంపెనీ దివాలా తీసింది. ప్రాణమని పేరు పెట్టుకున్న సంస్థ ఒక్క సినిమాతోనే ప్రాణం వదిలేసింది. వసూలు చేసుకుందామంటే పైసా లేదు. అప్పుడామె పట్టుబట్టింది: డబ్బు రాకపోతే పోయె, సినిమానే లేకుండా చెయ్యండి. 1925లో జర్మన్ కోర్టు ఒప్పుకుంది. నెగటివ్‌తో సహా కాపీలన్నీ నాశనం చెయ్యమని తీర్పు.

సినిమా చరిత్రలు ఫ్లోరెన్స్‌ని రాక్షసిలా చూపిస్తుంటాయి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నా. ఇప్పుడనుకోలేను. మొగుడు పోయాక ఆయన రాసిన పుస్తకం మీద నాలుగు రాళ్ళు వస్తే బతికే మనిషి ఆమె. ఆ పుస్తకాన్ని అడక్కుండా ఎత్తుకుపోయి పండగ చేసుకున్నారు. కళాఖండం కదా, ఊరుకోమ్మా అని ఆమెకి ఎవరు చెప్పగలరు? న్యాయం ఆమె వైపే ఉంది. అయినా ఆ తీర్పు పూర్తిగా అమలు కానందుకు నాకు సంతోషంగా ఉంది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడం ఇబ్బందే. కానీ ఈ సినిమాని ఇష్టపడే ప్రతివాడూ ఆ ఇబ్బందిని మోయాల్సిందే అనుకుంటా.

తీర్పు వచ్చేసరికే కాపీలు కొన్ని సరిహద్దులు దాటిపోయాయి. 1928లో లండన్‌లోనే, ఫ్లోరెన్స్ ఉన్న ఊళ్ళోనే, ఒక ఫిల్మ్ సొసైటీ దాన్ని వేసింది. మరుసటేడు న్యూయార్క్‌లో వేశారు. ఒక్కో దేశంలో ఒక్కోలా కత్తిరించారు, అక్షరాల కార్డులు మార్చారు. కొన్ని ఇంగ్లీషు కాపీల్లో ఓర్లాక్ మళ్ళీ డ్రాకులా అయిపోయాడు. అసలు నెగటివ్ లేదు. హాన్స్ ఎర్డ్‌మాన్ కట్టిన సంగీతంలో చాలా భాగం పోయింది. ఇవాళ మనం చూసే నీలం రాత్రుల ‘నోస్ఫెరాటు’కి ప్రధాన ఆధారం, ఫ్రాన్స్‌లో సినిమాతెక్ దాచిన ఒక రంగులద్దిన ప్రింటు. లూసియానో బెర్రియాతువా అనే స్పానిష్ పరిశోధకుడు ముర్నౌ ఫౌండేషన్ కోసం దాన్ని పునరుద్ధరించాడు.

మా హాస్టల్ గదిలో నేను ధీమాగా చెప్పిన ఎండ రూలు కూడా ఈ సినిమా పెట్టిందే. స్టోకర్ నవల్లో డ్రాకులా పగటిపూట లండన్‌లో పికడిలీ వీధిలో కనిపిస్తాడు. పగలు శక్తులు తగ్గుతాయి తప్ప చావడు. చివరికి చచ్చేది కత్తిపోట్లకి. మొదటి కోడికూత దాకా ఓర్లాక్‌ని ఎలెన్ తన దగ్గరే ఆపేస్తుంది, సూర్యుడొస్తాడు, వాడు పొగైపోతాడు. పాతకాలం నుంచీ ఉన్న నమ్మకమని మనమంతా అనుకునే నియమం, కోర్టు చంపమన్న సినిమాలోంచి బయటికొచ్చి ప్రపంచమంతా పాకింది. తీర్పు ప్రింట్ల మీద పనిచేసింది కానీ, ఊహ మీద పనిచెయ్యలేదు.

1931లో యూనివర్సల్ వాళ్ళు హక్కులు పద్ధతిగా కొనుక్కునే ‘డ్రాకులా’ తీశారు. టాడ్ బ్రౌనింగ్ దర్శకుడు, బేలా లుగోసి హీరో అనాలో విలన్ అనాలో. టైటిల్స్ దాటాక సంగీతం దాదాపు ఉండదు. ఆ నిశ్శబ్దంలో లుగోసి ఒక్కో మాటనీ నములుతూ పలుకుతాడు. ఇప్పటి పిల్లలకి అది మిమిక్రీలా అనిపిస్తుంది, ఎందుకంటే వందలమంది మిమిక్రీ చేసింది ఆయన్నే. 1938లో లాస్ ఏంజెలస్‌లో ఒక హాలువాడు ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కలిపి వేస్తే జనం విరగబడ్డారు. 1957లో పాత యూనివర్సల్ సినిమాలు ‘షాక్’ అనే పేరుతో అమెరికా టీవీలకి చేరాయి. అర్ధరాత్రి దాకా మేలుకుని చూసిన ఆ పిల్లల్లోంచే హారర్ అభిమానుల తరం ఒకటి పుట్టింది. లుగోసి మాత్రం ఆ వైభవం చూళ్ళేదు. 1956లో పోయాడు. డ్రాకులా అంగీతోనే పూడ్చారు.

1958లో ఇంగ్లండ్‌లో హామర్ కంపెనీ తీసిన ‘డ్రాకులా’లో రంగులొచ్చాయి, రక్తం ఎర్రబడింది. చివర్లో పీటర్ కుషింగ్ బల్ల మీదనుంచి పరిగెత్తి తెర లాగేస్తే ఎండ లోపలికొస్తుంది, క్రిస్టఫర్ లీ బూడిదవుతాడు. 1922 నాటి ఆ పొద్దుటెండే మళ్ళీ. ఇంగ్లండ్ సెన్సార్ ఆ దృశ్యంలో కొంత కోసేసింది. జపాన్‌కి పంపిన ప్రింటులో ఇంకా ఎక్కువ ఉండేదని అభిమానులు దశాబ్దాలుగా చెప్పుకునేవాళ్ళు. పుకారనే అనుకున్నారు చాలామంది. 2011లో టోక్యో నేషనల్ ఫిల్మ్ సెంటర్‌లో ఆ రీళ్ళు దొరికాయి. మొదటి రీళ్ళు అగ్నిప్రమాదంలో పోయాయి, కావలసిన చివరి రీళ్ళు మిగిలాయి. దొరికిన ముక్క ఎంతనుకున్నారు? సెకన్లలో లెక్కపెట్టాలి. క్రిస్టఫర్ లీ తన ముఖం మీది చర్మాన్ని తన వేళ్ళతోనే ఒలుచుకునే సెకన్లు. వాటి కోసం మనుషులు సగం జీవితం వెతికారు.

ఎందుకు? అని ఆలోచిస్తే నాకు చందమామ బేతాళకథలు గుర్తొచ్చాయి. ఊరికే కాదు. ‘బేతాళ పంచవింశతి’ కథలు కొన్నిటిని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులో తిరగరాసినప్పుడు, పుస్తకం పేరులో బేతాళుణ్ణి ‘వాంపైర్’ అన్నాడు. మన బేతాళుడు రక్తం తాగడు, చిక్కుప్రశ్నలు వేస్తాడు. ఆ పేరు తప్పే. కానీ తప్పులోనే ఒక దారి దొరికింది నాకు. ఆ కథల్లో నిజంగా విడ్డూరం బేతాళుడు కాదు, విక్రమార్కుడు. శవం చెట్టెక్కిన ప్రతిసారీ వెనక్కెళ్ళి, దించి, భుజాన వేసుకుని నడుస్తాడు. భయం మొదటిసారే ఉంటుంది. రెండోసారి నుంచి ఉండేది వేరే ఏదో. పట్టుదల, అలవాటు, బహుశా చనువు కూడా.

వాంపైర్ కథల్లోనూ అసలు కీలు అక్కడే ఉంది. స్టోకర్ నవల్లో ఓ నియమం ఉంది: ఇంట్లోవాళ్ళెవరో ఒకరు పిలవందే రక్తపిశాచి మొదటిసారి గడప దాటలేదు. ముర్నౌ సినిమాలో ఎలెన్ తన చేతులతోనే కిటికీ తలుపులు తెరుస్తుంది. మిగతా దయ్యాలు మీద పడతాయి, ఇది మాత్రం గుమ్మంలో నిలబడుతుంది. తెరవాలా వద్దా అన్నది మన ఇష్టం. పాత సినిమా కూడా అంతే, దానంతటది రాలేదు. ఎవరో ఒకరు పిలవాలి, ప్రింటు దాచాలి, రంగు వెతకాలి, పోయిన సంగీతానికి బదులు కొత్తది కట్టాలి. వెర్నర్ హెర్జోగ్ 1979లో, రాబర్ట్ ఎగర్స్ 2024లో ‘నోస్ఫెరాటు’ని మళ్ళీ తీశారు. వాళ్ళూ కిటికీ తెరిచినవాళ్ళే.

నీలం రాత్రులున్న కాపీ దొరికాక, ఆనాటి లాప్‌టాప్ ఓనరుకి పంపాను. ఇప్పుడు వాడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. వారం తర్వాత ఫోన్ చేశాడు. “సరేలేరా, ఒప్పుకున్నా, అది రాత్రే” అన్నాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, “అవునూ, ఆ టైంలో మనవాళ్ళు ఏం తీశార్రా? ఉంటే పంపు” అని అడిగాడు.

మనవాళ్ళూ తీశారు. ‘నోస్ఫెరాటు’కి కొంచెం ముందే, 1921లో, మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ప్రింటు లేదు. సుమారు పదేళ్ళ తర్వాత హెచ్. ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’, తెలుగువాళ్ళ మొదటి టాకీ. దాని ప్రింటూ లేదు. వాటిని ఏ కోర్టూ తగలబెట్టమనలేదు. ఏ వితంతువూ కేసు వెయ్యలేదు. అప్పటి నైట్రేట్ ఫిల్మ్ ఊరికే అంటుకునేది, పెట్టెల్లో ఉండుండి పొడైపోయేది, వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. అన్నిటికన్నా మించి, వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. వెంకయ్యగారి పేరుమీద ప్రభుత్వం అవార్డు పెట్టింది. ఆయన సినిమా మాత్రం లేదు.

చంపమని తీర్పున్న సినిమా బతికింది. ఎవరూ చంపనిది పోయింది.

“లేదురా” అన్నాను వాడితో. “ఏంటి, ఒక్కటీ లేదా?” అన్నాడు. వాడి గొంతులో ఈసారి నవ్వు లేదు.