సిస్టరమ్మ రాసిన కులం

మద్రాసులో సూసై అనే ఆది ద్రావిడ క్రైస్తవుడు రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు. అలాంటివాళ్లకి ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చినప్పుడు, క్రైస్తవుడన్న కారణంతో ఆయనకి ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా కులబాధలు అంతే తీవ్రంగా ఉంటాయని చూపించే సమాచారం తన ముందు లేదంది. మరి ఆ సమాచారం ఎవరు రాసిపెట్టారు గనుక? మిషనరీల చరిత్ర రాసినవాళ్లు దొరసానుల త్యాగం రాశారు, కట్టిన బళ్ల లెక్క రాశారు. ఆ బళ్లలో మన పిల్లలు ఏ మూల కూర్చున్నారో రాయలేదు. అందుకని గుంటూరు జిల్లాలో ఒక కాన్వెంటు బళ్లో 1971 నుంచి 1976 దాకా, ఆరు నుంచి పది వరకు, నాతో చదివిన ఆరుగురిని కలిసి వాళ్లకి గుర్తున్నది అడిగాను.

గుంటూరు క్యాథలిక్కుల్లో కులం మధ్యలో వొచ్చి దూరింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో, ఫ్రెంచి జెసూట్ల కాలంలో కలిసిన రెడ్లు, కమ్మలు కులాన్ని వెంటబెట్టుకునే గుళ్లోకొచ్చారు. మాల మాదిగలు పెద్దసంఖ్యలో వొచ్చింది ఆ తర్వాత. 1904లో హాలెండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరొచ్చారు. మా బడి వాళ్లది కాదు, వేరే సంఘానిది. మేం చేరేసరికి దొరసానులు లేరు. మలయాళం సిస్టర్లు, రెడ్ల సిస్టర్లు ఉండేవాళ్లు.

బళ్లో ఎవరూ కులం పేరెత్తేవాళ్లు కాదు. ‘బోర్డింగు పిల్లలు’ అంటే చాలు, మాల మాదిగలని అందరికీ తెలిసేది. ఊళ్లోనించి వొచ్చే పిల్లలు బెల్లు కొట్టాక వొచ్చేవాళ్లు. అప్పటికే మేం వరండాలు ఊడ్చి, నీళ్లు తోడి, గుళ్లో బల్లలు తుడిచి, దివ్యపూజలో నిద్రకి తూగి ఉండేవాళ్లం. పని నేర్పడం మంచిదేగా అంటారు. అదే నిజమైతే రెడ్ల పిల్లలకీ నేర్పాల్సింది. పండక్కి బలిపీఠం దగ్గర పూలు పెట్టే పని మాత్రం వాళ్లకుండేది. “బల్ల తుడిచిన చెయ్యి పూలకి పనికిరాదా అని అప్పుడు తోచలా,” అంది, ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తున్న స్నేహితురాలు.

ఊళ్లోనించి వొచ్చి చదివిన రెడ్డి క్యాథలిక్కు ఆవిడనీ అడిగాను. ఆవిడకి సిస్టర్లంటే కుట్టుపని, ఇంగ్లీషు పాటలు, క్రిస్మసు నాటకం. బోర్డింగు వెనకున్న బావి ఆవిడ ఎన్నడూ చూడలేదు. అబద్ధమేమీ చెప్పడం లేదావిడ. ఒకే బడిలో రెండు బళ్లుండేవి, అంతే.

లెక్కలు చెప్పిన మలయాళం సిస్టరు గురించి మావాళ్లలోనే తగువొచ్చింది. ఆవిడ తెలుగు మాకు నవ్వు, ఆవిడ బెత్తం మాకు ఏడుపు. తలలో పేను కనపడితే “పల్లె బుద్ధులు” అనేది. అయినా రాత్రి బోర్డింగులో లాంతరు పెట్టి, డబ్బు తీసుకోకుండా మళ్లీ లెక్కలు చెప్పింది ఆవిడే.

“ఏమే, ఆవిడ కొట్టిన దెబ్బలు మర్చిపోయావా?”

“మర్చిపోలా. లెక్కలు కూడా మర్చిపోలా. మా అమ్మ వేలిముద్ర వేసింది, నేను ట్రెజరీలో సంతకం పెట్టా.”

ఇద్దరి మాటా రాసుకున్నాను. మిషన్ బడి దళితులకి వెలుగిచ్చిందని ఒక వర్గం, బానిసత్వం నేర్పిందని ఒక వర్గం వాదించుకుంటుంటే, ఒక్క సిస్టరు దగ్గర రెండూ పొందిన మనిషి ఏ వర్గంలో నిలబడాలి?

అందరికీ ఒకేలా గుర్తున్నది అడ్మిషన్ రిజిస్టరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాలని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవ దళితులకి 1970లో బీసీ ‘సి’ గ్రూపు కింద 1 శాతం ఇచ్చారు. 1977లో ఉపకార వేతనాల వంటి రాయితీలు కల్పించారు గాని, అప్పటికే మేం బడి దాటాం. అంచేత మేం చేరిన రోజున హెడ్మిస్ట్రెస్ సిస్టరు మా నాన్నల్ని అడిగి, మతం గడిలో ‘హిందూ’ అనీ, కులం గడిలో ‘మాల’, ‘మాదిగ’ అనీ సొంత చేత్తో రాసింది. ఆ సాయంత్రమే జ్ఞానోపదేశం క్లాసులో విగ్రహారాధన మహాపాపమని చెప్పింది కూడా ఆవిడే. జ్ఞానస్నానం పుస్తకంలో మేరీ, రిజిస్టరులో ఇంకో పేరు.

దాన్ని మోసమని నేననను. స్కాలర్షిప్పు రాకపోతే మాలో నలుగురు ఏడో తరగతిలోనే మిరపచేలకి పోయేవాళ్లు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కాని ఆ రాతలో ఇంకోటి కూడా ఉంది. గుళ్లో కులం లేదని చెప్పే సంస్థకి, మా కులం ఏమిటో, దాని వల్ల మాకేం నష్టమో పూర్తిగా తెలుసు. సూసై కేసులో కోర్టు తన ముందు లేదన్న సమాచారం అలాంటి రిజిస్టర్లలో అప్పటికే ఉంది.

2016లో దేశంలోని క్యాథలిక్కు బిషప్పులు దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ సంఘంలో కులవివక్ష ఉందని ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ మొదటి దళిత కార్డినల్ అయ్యారు. అదే ఏడాది అక్టోబరులో, మతం మారిన దళితుల హోదా పరిశీలించడానికి కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈ జ్ఞాపకాలు రాతపూర్వకంగా ఇద్దామా అని మావాళ్లని అడిగాను. ముగ్గురు ఎస్సీ సర్టిఫికెట్ మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఒకామె కొడుకు అదే సర్టిఫికెట్‌తో ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. గుళ్లో వెనక బల్ల మీద కూర్చున్నామని చెప్పాలంటే ముందు గుళ్లో కూర్చున్నామని చెప్పాలి. ఎవరూ సంతకం పెట్టలేదు. ఇక్కడ వాళ్ల పేర్లూ, బడి పేరూ రాయకపోవడం అందుకే.