సలూకీ

సలూకీ పశ్చిమాసియా ఎడారుల్లో రూపుదిద్దుకున్న ప్రాచీన వేటకుక్క జాతి. వాసన పట్టి కాక, కంటితో చూసి తరిమి పట్టడం దీని వేట పద్ధతి.

పురాతన ఈజిప్టు సమాధుల చిత్రాల్లో ఇలాంటి సన్నని కుక్కలు కనిపిస్తాయి. 2004లో 85 జాతుల జన్యువులను పోల్చిన పరిశోధన, తోడేలుకు అతి చేరువైన ప్రాచీన జాతుల్లో సలూకీని చేర్చింది. అరేబియా ఎడారి సంచారులైన బెదూయిన్లు గెజెల్ జింకలను, కుందేళ్లను దీనితో వేటాడేవారు. వేటకు తోడుగా వదిలిన డేగ పైనుంచి వేటజంతువును అడ్డగిస్తే, సలూకీ నేల మీద పరుగెత్తి పట్టేది. మిగతా కుక్కలను బయటే ఉంచే బెదూయిన్లు దీనికి గుడారంలోనే చోటిచ్చేవారు.

ఫ్లోరెన్స్ ఆమ్‌హెర్స్ట్ 1895లో ఇంగ్లండులో ఈ జాతి పెంపకం చేపట్టారు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1923లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1929లో దీన్ని గుర్తించాయి.

మగకుక్క ఎత్తు 58 నుంచి 71 సెంటీమీటర్లు. ఆడకుక్క కొంత పొట్టి. బరువు సాధారణంగా 18 నుంచి 27 కిలోలు. లోతైన ఛాతీ, సన్నని నడుము, పొడవాటి కాళ్లు దీనికి వేగాన్నీ దమ్మునూ ఇస్తాయి. చెవులకు, తోకకు కుచ్చు వెంట్రుకలున్న రకం, ఒళ్లంతా పొట్టి వెంట్రుకల రకం అని రెండు ఉన్నాయి.

కదిలే జంతువు కనిపిస్తే సలూకీ పిలిచినా ఆగదు. అందుకే రోజూ కంచె ఉన్న మైదానంలోనే పరుగెత్తించాలి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి మెత్తని పడక అవసరం. మత్తుమందు విషయంలోనూ పశువైద్యులు ప్రత్యేక జాగ్రత్త తీసుకుంటారు. గుండె జబ్బుల ముప్పు ఉన్నందున క్రమం తప్పని పరీక్షలు మేలు. సగటు ఆయుష్షు 12 నుంచి 14 ఏళ్లు.