సుర్కీ నుండి బూడిద సిమెంటు వరకు

వేసవిలో నూజివీడు మామిడితోటల కాపలాపాకలో నీళ్లకుండ వెలుపల చెమర్చుతూ ఉంటుంది. కాలిన మట్టిలోని సన్నని రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండుటచేత నీటికి బయటకు దారి దొరుకుతుంది. కుండకు ఇది మేలే. అదే తోటలోని సిమెంటు తొట్టికి మాత్రం చేటు.

గట్టిపడిన సిమెంటులోనూ రంధ్రాలున్నవి. పూర్వపు తాపీవారు లెక్కలు లేకుండానే దీనికొక ఉపాయం కనిపెట్టారు. సున్నాన్ని గానుగలో నూరేటప్పుడు కాల్చిన ఇటుకల పొడిని, అనగా సుర్కీని, కలిపేవారు. వట్టి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది. నీటి అడుగున అది పనికిరాదు. సుర్కీలోని సిలికా సున్నంతో కలిసి నీటికి కరగని జిగురువంటి పదార్థమవుతుంది. ఇటలీలోని పొజ్వోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదతో రోమనులు సాధించినదీ ఇదే. 1953 నాటికి పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట రాతి కట్టుబడిలో సైతం సుర్కీ కలిపిన అడుసునే వాడారు.

లెక్కలు ఆలస్యంగా వచ్చినవి. 1940 తరువాత అమెరికాలో పవర్స్ అనే శాస్త్రజ్ఞుడు సిమెంటు ముద్దలోని నీటిని మూడు పాళ్లుగా విడదీశాడు. 100 గ్రాముల సిమెంటు పూర్తిగా మారినప్పుడు సుమారు 23 గ్రాముల నీరు రసాయనికంగా బంధింపబడుతుంది. మరి 19 గ్రాములు జిగురులోని అతిసూక్ష్మ రంధ్రాలలో చిక్కుకుంటుంది. మిగిలిన నీరు కేశనాళికలలో ఉండి, ఎండినప్పుడు ఖాళీలను విడిచిపోతుంది. కారుదలకు దారులివే.

1959లో పవర్స్, అతని సహచరులు మరొక సంగతి చూపారు. తడి ఆరకుండా ఉంచితే జిగురు పెరిగి ఈ దారులను తెగగొడుతుంది. 50 కిలోల బస్తాకు 20 లీటర్ల నీరు కలిపితే 3 రోజులు, 25 లీటర్లకు 14 రోజులు, 30 లీటర్లకు 6 నెలలు పడుతుంది. 35 లీటర్లు దాటితే దారులు ఎన్నటికీ మూసుకోవు. అడుసు జారుగా ఉంటే పని సులువని బకెట్టు నీళ్లు అదనంగా పోసేవారికి ఈ లెక్క చెప్పవలసినదే.

ఇది వట్టి సిమెంటు లెక్క. బూడిద కలిపితే కథ మారుతుంది. నూజివీడుకు దూరం కాని ఇబ్రహీంపట్నంలో 1979లో బొగ్గు విద్యుత్కేంద్రం మొదలైనది. ఇటువంటి కేంద్రాల బూడిద నేడు సిమెంటులో 15 నుండి 35 శాతం దాకా కలుస్తున్నది. సిమెంటు నీటితో మారేటప్పుడు విడిచిన సున్నాన్ని ఈ బూడిద తీసుకుంటుంది. అనగా సుర్కీ పనే చేస్తుంది. కాని మెల్లగా చేస్తుంది. తొలి వారంలో రంధ్రాలు వట్టి సిమెంటులోకంటె పెద్దవిగానే ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ సన్నబడి, దారులు తెగిపోతాయి. మొత్తం ఖాళీ అంతగా తగ్గకపోయినా కారుదల తగ్గుతుంది.

నీటి లెక్క కూడ తారుమారవుతుంది. జెన్సెన్, హాన్సెన్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2001లో సిలికా ధూళి విషయంలో పవర్స్ నమూనాను సవరించారు. ఆ ధూళి రసాయనికంగా నీటిని దాదాపు బంధించదనీ, జిగురు రంధ్రాలలో మాత్రం నిలుపుతుందనీ వారి లెక్క. కావున బంధిత నీటిని కొలిచి గట్టిదనం ఎంతవరకు వచ్చిందో చెప్పే పాత పద్ధతి ఇక్కడ చాలదు. పాదరసాన్ని ఒత్తిడితో ఎక్కించి రంధ్రాలను కొలుద్దామన్నా చిక్కే. ఇరుకు మెడ గల కూజాలోనికి పాదరసం మెడగుండానే పోవాలి; కొలతలో పడేది మెడ పరిమాణం, కడుపుది కాదు.

2000 నాటి భారత ప్రమాణం వట్టి సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసినదానిని 10 రోజులు తడిగా ఉంచాలని నిర్దేశించి, రెండవదానికి 14 రోజుల వరకు పొడిగించమని సలహా ఇచ్చినది. ముద్ద లోపలి తేమ సుమారు 80 శాతానికి దిగితే మార్పు దాదాపు ఆగిపోతుంది. నూజివీడు మే నెల ఎండలో, ఏడవనాడు గోనెపట్టాలు తీసివేసిన తొట్టిలో బూడిద చాలావరకు పని మొదలుపెట్టకుండానే ఉండిపోతుంది.