వైద్య గ్రంథపాలకుల పత్రిక: రచనాధికార చరిత్ర

ఏ విద్యాశాఖయందైనను పత్రిక పుట్టిన వెంటనే రెండు ప్రశ్నలు పుట్టును. అందు వ్రాయువా రెవరు? వ్రాసినదానిని అంగీకరించువా రెవరు? వైద్య గ్రంథాలయముల చరిత్రలో ఈ ప్రశ్నలకు లభించిన సమాధానములను ఇచ్చట పరిశీలింపదలచితిమి.

1898 మే 2వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున నలుగురు గ్రంథపాలకులును నలుగురు వైద్యులును కలిసి వైద్య గ్రంథపాలకుల సంఘమును స్థాపించిరి. సంఖ్య సమానమే గాని అధ్యక్షపీఠము వైద్యుడైన జార్జి గూల్డునకు దక్కెను. సంఘస్థాపనకు ప్రేరకురాలైన మాంట్రియలు గ్రంథపాలకురాలు మార్గరెట్ చార్ల్‌టన్ కార్యదర్శిని అయ్యెను. ఐదువందల సంపుటములకు తక్కువగానున్న గ్రంథాలయమునకు సభ్యత్వము లేదు. అనగా చిన్న గ్రంథాలయము తొలినాడే గడప వెలుపల నిలిచినది. 1907లో సంఘము పేరు మారి 'వైద్య గ్రంథాలయ సంఘ' మయ్యెను. పేరులోనుండి మనుష్యులు తొలగి భవనములు మిగిలినవని మాకు తోచుచున్నది.

ఈ చరిత్రకు కేంద్రమని మేము భావించు వ్యక్తి మార్షియా నోయిస్. ఈమె 1896లో బాల్టిమోరునందలి మేరీలాండు వైద్యసంఘ గ్రంథాలయమున చేరి, 1946లో మరణించువరకు, సుమారు ఏబది యేండ్లు, అచ్చటనే పనిచేసెను. ఒక గ్రంథాలయమున రెండేసి ప్రతులున్న సంచికలను లేనివారికి పంపు వినిమయ విభాగమును చిరకాలము నడిపినది ఈమెయే. వైద్యపత్రికల ధర భరింపలేని గ్రంథాలయములకు ఈ వినిమయమే ఆధారము. 1911లో సంఘపు 'బులెటిన్' వెలువడినపుడు డాక్టరు జాన్ రూరాతో గూడి సంపాదకత్వ భారమును వహించెను. అట్టి యామె అధ్యక్షురా లగుట 1933లో! స్త్రీలలోనే గాక వృత్తి గ్రంథపాలకులలోను ఆమెయే ప్రథమురాలు. ఆస్లర్ వంటి వైద్యుల పలుకుబడి లేనిచో సంఘము నిలిచెడిదికాదని కొందరు వాదింపవచ్చును. అది నిజమే. అయినను పలుకుబడికి చెల్లించిన మూల్యము 35 ఏండ్లు. నల్లజాతి గ్రంథపాలకుల విషయమున ఈ నిరీక్షణ మరింత దీర్ఘమైనది. ఆఫ్రికన్ అమెరికనులలో తొలి అధ్యక్షురాలు బెవర్లీ మర్ఫీ 2018లో, సంఘము పుట్టిన 120 ఏండ్లకు, ఆ పదవి నలంకరించెను.

పత్రిక లోపలి అసమానత యిట్లుండగా, వెలుపల సూచికల అసమానత మరొకటి కలదు. 1879లో బిల్లింగ్సు ప్రారంభించిన 'ఇండెక్స్ మెడికస్' నుండి నేటి సూచికల వరకు, సూచికలో చేరని పత్రిక పరిశోధకునికి లేనట్లే. ఇందుకు ప్రత్యుత్తరముగా ఆఫ్రికా గ్రంథపాలకులు ప్రపంచ ఆరోగ్య సంస్థతో గూడి 1993లో 'ఆఫ్రికన్ ఇండెక్స్ మెడికస్'ను వెలయించిరి. ఇది దానము కాదు, స్వప్రయత్నము.

2002లో ప్రారంభమైన హినారి పథకము వేరొక తెరగున నడచినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరుగురు పెద్ద ప్రచురణకర్తలు కలిసి, తలసరి ఆదాయము 1000 డాలర్లకు లోబడిన దేశములకు వైద్యపత్రికలను ఉచితముగా నొసగిరి. భారతదేశము ఆ లెక్కకు లోబడియు జాబితాలో లేకపోయెను. ప్రచురణకర్తలకు ఇచ్చట చందాల విపణి యుండుటయే దీనికి హేతువు. చేర్చబడిన దేశములకైనను లభించినది చదువు హక్కే గాని వ్రాయు హక్కు కాదు.

ఆ 2002లోనే 'బులెటిన్' పేరు మారి సంఘపు 'జర్నల్' అయ్యెను. 1911 నుండి వెలువడిన సంచికలన్నియు నేడు ఎవరైనను మూల్యము లేకుండ చదువుకొనవచ్చును. రచయితలనుండి రుసుము గైకొనుట లేదు. భాష మాత్రము ఇంగ్లీషు.