ప్రకటనలతో సహా

2000ల మధ్యలో జీఐటీ కార్పొరేషన్ అనే అమెరికన్ కంపెనీ మార్వెల్ దగ్గర లైసెన్సు తీసుకుని అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ నలభై ఏళ్ళ సంచికలని, 1963లో వచ్చిన మొదటిదానితో మొదలుపెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా డిస్కుల్లో అమ్మింది. ఐదొందల పైచిలుకు సంచికలు. తర్వాత ఫెంటాస్టిక్ ఫోర్, ఎక్స్-మెన్ కూడా వచ్చాయి. ఇప్పుడవి మార్కెట్లో లేవు. నాకు ఒక ఫ్రెండ్ అరువిచ్చాడు. నా ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు కాబట్టి డ్రైవ్ కూడా తనే ఇచ్చాడు.

తెరిచి చూస్తే పసుపెక్కిన కాగితం. రంగుల చుక్కలు కనిపిస్తున్నాయి, అక్కడక్కడా ఎరుపు గీత దాటి పక్కకి పోయింది. కథ మధ్యలో సీ మంకీస్ ప్రకటన, కండలు పెంచుతామనే చార్లెస్ అట్లాస్ ప్రకటన. మొదట చిరాకేసింది. రెండో రోజుకి కథలు వదిలేసి ఇవే చదువుతున్నాను.

2007 నవంబర్లో మార్వెల్ సొంతంగా ఆన్‌లైన్ చందా సర్వీసు మొదలుపెట్టింది. ఈ రోజు పాత కామిక్స్ చట్టబద్ధంగా చదవాలంటే అదే సులువైన దారి, నేనూ చందాదారుణ్ణే. అందులో పేజీలు శుభ్రంగా, తెల్లగా ఉంటాయి. కానీ ఆ రంగులు వేసినవాళ్ళు చవక న్యూస్‌ప్రింట్‌ని దృష్టిలో పెట్టుకుని వేశారు. కాగితం సిరా పీల్చేసి రంగుని తగ్గిస్తుందని వాళ్ళకి తెలుసు. అదే రంగు స్క్రీన్ మీద కళ్ళలో పొడుస్తుంది. సరే, అది అభిరుచి గొడవ అనుకుందాం. అసలు నష్టం వేరే ఉంది: పాత సంచికల్లో ప్రకటనలు, ఉత్తరాల పేజీలు అక్కడ చాలావరకు కనిపించవు.

ఆ పేజీల్లో ఏముంటుందంటారా? 1963లో ఫెంటాస్టిక్ ఫోర్ 20వ సంచికలో ఒక కుర్రాడి ఉత్తరం అచ్చయింది. పేరు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. గేమ్ ఆఫ్ థ్రోన్స్ రాసిన ఆయనే. ఉత్తరాల కింద చిరునామాలు కూడా వేసేవారు. వాటిని చూసే అభిమానులు ఒకరికొకరు రాసుకుని, సైక్లోస్టైల్ పత్రికలు పెట్టుకుని గుంపులయ్యారు. అమెరికా తపాలా నిబంధన ప్రకారం ఏడాదికోసారి చిన్న అక్షరాల్లో సర్క్యులేషన్ లెక్క కూడా అచ్చు వేయాలి. 1960ల చివర్లో స్పైడర్‌మ్యాన్ నెలకి సగటున మూడు లక్షలు దాటి అమ్ముడయిందని మనకి తెలిసేది ఆ బోరింగ్ పెట్టె నుంచే. కథ మాత్రమే దాచి అది తీసేస్తే, ఎంతమంది చదివారో, ఎవరు చదివారో చెప్పే సాక్ష్యం పోయినట్టే.

ఈ సంగతి కంపెనీలకంటే ముందు అభిమానులు గుర్తించారు. వాళ్ళ స్కాన్ ఫైళ్ళ పేర్లలో తరచుగా 'సీ2సీ' అని ఉంటుంది. కవర్ నుంచి కవర్ దాకా, ఏమీ తీయలేదని దానర్థం. (ఆ సీబీజెడ్ ఫైలు ఏదో గొప్ప ఫార్మాట్ అనుకునేవాణ్ణి. ఎక్స్‌టెన్షన్ మార్చిన జిప్ ఫైలు, అంతే.) మన పాత చందమామల్ని ఓపిగ్గా స్కాన్ చేసి పంచుకున్నవాళ్ళని చూసినవారికి ఈ పిచ్చి కొత్తేం కాదు.

అయితే హక్కులున్న కామిక్స్‌ని ఇలా పంచడం దొంగతనమే, అందులో అనుమానం లేదు. హక్కులు పోయినవాటి సంగతి వేరు. 1940లలో సూపర్‌మ్యాన్‌ని మించి అమ్ముడైన ఫాసెట్ వారి కెప్టెన్ మార్వెల్ మీద, నేటి డీసీకి పూర్వరూపమైన నేషనల్ కంపెనీ 1941లో కాపీ కేసు వేసింది. 1953లో ఫాసెట్ రాజీపడి సూపర్‌హీరోల్నే మానేసింది. అప్పటి చట్టంలో 28వ ఏట కాపీరైట్ పొడిగించుకోవాలి. మానేసిన వ్యాపారానికి ఎవరు పొడిగిస్తారు? అలా చాలా సంచికలు అందరి సొత్తయ్యాయి. ఈ రోజు డిజిటల్ కామిక్ మ్యూజియంలో ఉచితంగా, ప్రకటనలతో సహా దొరుకుతున్నాయి. ఓడిపోయిన హీరో సంచికలు నిండుగా మిగిలాయి, గెలిచినవాడివి కత్తిరించి అమ్ముతున్నారు. నాకైతే ఇది భలే న్యాయంగా అనిపించింది.

ఫ్రెండ్ డిస్కులు తిరిగి అడుగుతున్నాడు. సర్క్యులేషన్ లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాను, ఇంకా 1970లు మొదలుపెట్టలేదు.