పల్లె పట్టణమగు విధము – నిజాంసాగర్ చరిత్ర

నీరు వచ్చినంత మాత్రమున పల్లె పట్టణము కాజాలదు. ఇందులకు నిజాంసాగర్ ప్రాంతమే మంచి నిదర్శనము.

మన జనాభా లెక్కలలో ఒక గ్రామమును పట్టణముగా గుర్తించుటకు మూడు లక్షణములు చూచెదరు. జనసంఖ్య కనీసము 5,000 ఉండవలెను. చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గరాదు. పనిచేయు పురుషులలో నూటికి 75 మందియైనను వ్యవసాయేతర వృత్తులలో ఉండవలెను. ఈ మూడవదే ముఖ్యము. ఎంత కలిగిన ఊరైనను, జనులు పొలమునే నమ్ముకొన్నంత కాలము అది పల్లెయే.

కామారెడ్డి జిల్లాలోని అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ మంజీరా నదిపై ఆనకట్ట పని 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీని ఇంజనీరు. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట ఉద్దేశము. జలాశయము క్రింద ఊళ్లు మునిగినవి. కాలువ వెంట మెట్టలు మాగాణులైనవి. కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు నెలకొల్పిన ఊళ్ల పేర్ల చివర నేటికిని ‘క్యాంపు’ అను మాట వినబడును.

అయినను పట్టణము ఆనకట్ట చెంత పెరుగలేదు. దిగువన బోధనులో పెరిగినది. కారణము చెరకు. కోసిన చెరకులోని చక్కెర గంటలు గడచిన కొలది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవును. అవి చక్కెరవలె సులభముగా పలుకులు కట్టవు. కావున ఒకటి రెండు దినములలోనే గానుగాడవలెను. ధాన్యము మర వద్దకు పోగలదు. చెరకు వద్దకు మరయే రావలెను. అట్లు 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, ప్రాచీనమైన బోధను ప్రక్కన శక్కర్‌నగర్ లేచినది. మరకు ఫిట్టర్లు, గుమస్తాలు, రసాయన శాస్త్రజ్ఞులు కావలసి వచ్చిరి. వారికి ఇండ్లు, బడి, వైద్యశాల, అంగడి కావలసి వచ్చెను.

ఈ పెంపునకు ఆధారములు రెండు: నీరు, మర. సుమారు 29.7 టి.ఎం.సి.ల జలాశయపు నిలువ పూడిక వలన 1970 దశకము నాటికి సగమునకు తక్కువైనది. పిదప గేట్ల ఎత్తు పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చిరి. మరయో 2015 డిసెంబరులో మూతపడినది. బోధను మరల పల్లె కాలేదు. కాని మరను నమ్మిన కుటుంబములు జీతము కోల్పోయినవి, రైతు చెరకును దూరపు మరలకు తోలవలసివచ్చినది.

నీటికి పూడిక తీసినట్లే, పట్టణమునకు పనిని నిలుపుకొనవలెను. దాని కొరకు మునిగిన పల్లెల ఋణము తీరుట అప్పుడే.